కొత్త పికప్‌లో రేడియో గరగర: సెట్ మార్చే ముందు యాంటెన్నా సంగతి చూడండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కడియం నర్సరీల నుంచి హైదరాబాద్‌కి మొక్కల లోడు తోలుతున్నారు. పాత పికప్‌లో హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి విజయవాడ ఆకాశవాణి రెయిన్‌బో ఎఫ్ఎం 102.2 శుభ్రంగా అందేది. నిరుడు కొన్న కొత్త బండిలో బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద కూడా గరగరే. ప్రైవేటు స్టేషన్ రేడియో మిర్చి 98.3 మటుకు ఊళ్ళోకి వచ్చాక కాస్త వస్తోంది. షాపులో అడిగితే ఈ సెట్ ఇంతే, పదిహేను వేలు పెట్టి పెద్ద ఆండ్రాయిడ్ సెట్ వేయించుకోమన్నారు. వేయించుకోవాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దు. నేను రాజమండ్రిలో 29 ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. రేడియో రావట్లేదని నా దగ్గరికి వచ్చిన కొత్త పికప్‌లలో సెట్ నిజంగా పాడైనవి చాలా తక్కువ. మీరు చివర్లో ఇంకో మాట రాశారు చూడండి: బండి తీసుకున్న వారంలోనే సెట్టు, టాప్ మీద షార్క్ ఫిన్ (చేప రెక్క ఆకారం పొట్టి యాంటెన్నా), డ్యాష్‌క్యామ్ (అద్దం దగ్గర కెమెరా), ముందు ఎల్ఈడీ బార్ లైటు అన్నీ ఒకే చోట వేయించానని. మీ బండి జబ్బంతా ఆ ఒక్క మాటలోనే ఉందని నా అనుమానం. కొత్త సెట్ వేసినా అదే యాంటెన్నా, అవే వైర్లు, అదే గోల కదండీ. పదిహేను వేలు పోయాక కూడా గరగర అలాగే ఉంటుంది.

పాత బండికీ కొత్త బండికీ అసలు తేడా సెట్‌లో లేదు, యాంటెన్నా పొడవులో ఉంది. మన ఎఫ్ఎం 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా. 100 దగ్గర రేడియో అల పొడవు మూడు మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే ముప్పావు మీటరు కడ్డీ నిలబెడితే ఆ అలని బాగా పట్టుకుంటుంది. పాత జీపులకీ పికప్‌లకీ అద్దం పక్కన స్తంభం మీద బయటికి లాగే స్టీలు కడ్డీ ఉండేది గుర్తుందా? పూర్తిగా లాగితే దాదాపు ఆ పొడవే. దానికి కరెంటు అక్కర్లేదు, లోపల ఏ సర్క్యూటూ లేదు, పాడవడానికి అందులో ఏమీ లేదు. ఇప్పుడు టాప్ మీద జానెడు రబ్బరు ముక్కో, చేప రెక్కలాంటి ప్లాస్టిక్ డిప్పో వస్తోంది. అంత పొట్టి దానికి అందే సిగ్నల్ తక్కువ. ఆ లోటు తీర్చడానికి దాని అడుగున చిన్న యాంప్లిఫయర్ పెడతారు. ఆ యాంప్లిఫయర్‌కి 12 వోల్టుల కరెంటు అందాలి. అందకపోతే అది సాయం చేయకపోగా, వచ్చే కాస్త సిగ్నల్‌కి కూడా అడ్డం పడుతుంది. మీ బండికి ముందుగా చూడాల్సింది ఇదే.

కంపెనీ నుంచి యాంటెన్నా, సెట్టు కలిసి వచ్చిన బండిలో ఈ కరెంటు చాలాసార్లు యాంటెన్నా కేబుల్ గుండానే సెట్ నుంచి పైకి వెళ్తుంది. బయట కొన్న సెట్‌లు అలా పంపవు. వాటికి వెనక వైర్ల గుత్తిలో ఒక నీలం తీగ విడిగా ఉంటుంది. సెట్ ఆన్ చేస్తే దాంట్లో 12 వోల్టులు వస్తాయి, అది యాంటెన్నా కోసమే. నీలం మీద తెల్ల చార ఉన్న తీగ ఇంకోటి ఉంటే అది బాస్ యాంప్లిఫయర్‌ని లేపడానికి. సెట్ మీద అంటించిన స్టిక్కర్‌లో ఏ తీగ ఎందుకో రాసి ఉంటుంది, రంగుని నమ్మేకంటే దాన్ని చదవడం మేలు. పసుపు, ఎరుపు, నలుపు, స్పీకర్ల వైర్లు కలిపితే పాట వస్తుంది కాబట్టి బిగించేవాళ్ళు చాలామంది అక్కడితో ఆపేసి, మిగిలిన నీలం తీగకి టేపు చుట్టి లోపలికి తోసేస్తారు. భీమవరం నుంచి చేపలు తోలే ఒకాయన రెండు షాపుల్లో రెండు సెట్‌లు మార్పించుకుని మూడోసారి నా దగ్గరికి వచ్చాడు. డాష్‌బోర్డ్ విప్పితే నీలం తీగ టేపు చుట్టుకుని అలాగే ఉంది. యాంటెన్నా అడుగు నుంచి వచ్చిన సన్న తీగ ఎటూ కలపకుండా వేలాడుతోంది. రెండూ కలిపి సోల్డర్ చేసి స్లీవ్ వేశాను, పావుగంట పని. అప్పటికి ఆయన పెట్టిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. పొద్దున్న మూడింటికి లేచి లోడు ఎక్కించే మనిషి డబ్బది.

మీ షార్క్ ఫిన్ నుంచి కేబుల్ ఒక్కటే వస్తోందా, కేబుల్‌తో పాటు సన్నటి తీగ కూడా వస్తోందా చూడండి. సన్న తీగ ఉంటే సెట్ నీలం తీగకి కలపాలి. తీగ లేదు, కానీ అది కంపెనీ యాంటెన్నాయే అయితే కేబుల్ మధ్యలో కలిపే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. దాని తోక నీలం తీగకి వెళ్తుంది, కరెంటు కేబుల్‌లోకి ఎక్కుతుంది. ఈ రెండూ కాకుండా అది యాక్సెసరీస్ షాపు డబుల్ టేపు మీద అంటించిన డిప్ప అయితే, లోపల నాలుగంగుళాల తీగ తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. అలాంటివి నేను చాలా విప్పాను. అది అలంకారానికే గానీ రేడియోకి కాదు, తీసేయండి. ఒక జాగ్రత్త: బ్యాటరీ నుంచి 12 వోల్టులు నేరుగా యాంటెన్నా పిన్నుకి ఇచ్చి చూడొద్దు. నీలం తీగ మీద హారనో ఫ్యానో పెట్టొద్దు, అది చాలా కొద్ది కరెంటు కోసమే వేసింది, సెట్ లోపల కాలిపోతుంది.

ఇదంతా చేసేముందు, నేరం యాంటెన్నాదా సెట్‌దా అని ఇంట్లోనే తేల్చుకునే పరీక్ష ఒకటుంది. సెట్‌ని ముందుకి లాగండి. వెనక లావుపాటి నల్ల కేబుల్ ఒకటి పొడుగాటి పిన్నుతో దిగి ఉంటుంది, అదే యాంటెన్నా. కొన్ని కొత్త బండ్లలో చతురస్రపు ప్లాస్టిక్ కప్లర్ ఉంటుంది. దాన్ని పీకేసి, 75 సెంటీమీటర్ల మామూలు ఇంటి వైరు ముక్క తీసుకుని, ఒక చివర సెంటీమీటరు ఇన్సులేషన్ ఒలిచి, సెట్ యాంటెన్నా రంధ్రం సరిగ్గా మధ్యలో గుచ్చండి. చుట్టూ ఉన్న రింగుకి తగలకూడదు. రెండో చివర కిటికీలోంచి బయటికి వేలాడదీయండి, బండి ఇనుముకి తగలనివ్వొద్దు. ఇంజను ఆపి, తాళం సగం తిప్పి, 98.3 పెట్టండి. ఆ ముక్కతో మీ షార్క్ ఫిన్ కంటే బాగా వస్తే సెట్ మంచిదే, పైనున్నదే దొంగ. ఊరు నడిబొడ్డున చేస్తే ఈ పరీక్షకి విలువ లేదు, సిగ్నల్ బలంగా ఉన్న చోట గుండుసూది గుచ్చినా పాట వస్తుంది. విజయవాడకి పాతిక ముప్పై కిలోమీటర్ల ఇవతల, స్టేషన్ సగం వచ్చి సగం రానిచోట బండి ఆపి చూడండి.

ఇప్పుడు మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాటకి వస్తాను. 98.3 కాస్త వస్తోంది, 102.2 మటుకు అసలు రాదన్నారు. సెట్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి రేడియో రీజియన్ ఏముందో చూడండి. అమెరికా అని ఉంటే మీ 102.2 అక్కడే పోయింది. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నీ చుక్క తర్వాత బేసి అంకె మీదే ఉంటాయి, సెట్ కూడా 0.2 చొప్పున దూకుతుంది. 102.1 మీద ఆగుతుంది, తర్వాత 102.3 మీద ఆగుతుంది, 102.2 దానికి లేనే లేదు. హైదరాబాద్‌లో వివిధ భారతి 102.8 కూడా అంతే. 98.3, 93.5, 91.1, హైదరాబాద్ రెయిన్‌బో 101.9 బేసి అంకెలు కాబట్టి తగులుతాయి. ప్రైవేటు స్టేషన్లు వచ్చి 102.2 లాంటి ఆకాశవాణి స్టేషన్ రాకపోతే నేను ముందు చూసేది ఇదే. పక్క అంకె మీద ఆగినప్పుడు మాట వినిపించినా స, శ పలికిన చోటల్లా గుడ్డ చిరిగినట్టు ఉంటుంది. సిగ్నల్ బలహీనమైతే అదీ పోతుంది. రీజియన్ ఆసియా అనో యూరప్ అనో మార్చి, స్టేషన్లు మళ్ళీ వెతికించండి. మీడియం వేవ్ ఉన్న సెట్ అయితే దానికీ ఇదే లెక్క. మన దగ్గర 9 కిలోహెర్ట్జ్ మెట్లు, అక్కడ 10. విజయవాడ 837, హైదరాబాద్ 738, రెండూ తొమ్మిదితో భాగించబడే అంకెలే.

అక్కడే ఎల్ఓసీ అనో లోకల్ అనో ఒకటి ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఉంటే బలమైన స్టేషన్ల దగ్గరే ఆగుతుంది, దూరంవి దాటేస్తుంది. ఊళ్ళోనే తిరిగే కారుకి పనికొస్తుందేమో గానీ మీ హైవే బండికి అక్కర్లేదు. స్టీరియో, మోనో అని ఉంటే లోడు దారిలో మోనో పెట్టుకోండి. స్టీరియోకి సిగ్నల్ ఎంతో ఎక్కువ కావాలి. అదే స్టేషన్, అదే చోట, మోనోలో పెడితే సగం గరగర తగ్గడం మీ చెవికే తెలుస్తుంది.

ఇక గోల సంగతి. పాత డీజిల్ బండిలో ఇంజను నడవడానికి కరెంటుతో పెద్ద పనే లేదు. స్పార్క్ ప్లగ్గు లేదు, ఇంజెక్టర్ నాజిల్ కూడా పంపు ఒత్తిడితో తెరుచుకునేది. రేడియోని చెడగొట్టేది బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఒక్కటే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నియమాలు వచ్చాక అదే డీజిల్ బండిలో కంప్యూటరు, సెన్సార్లు, నిమిషానికి వేల సార్లు తెరుచుకుని మూసుకునే కరెంటు ఇంజెక్టర్లు ఉన్నాయి. కంపెనీ వాళ్ళు వాటి గోల అణచడానికి కొంత ఏర్పాటు చేస్తారు. మనం బయట వేయించుకునే సామానుకి అదీ ఉండదు. సిగరెట్ లైటర్‌లో గుచ్చే మొబైల్ చార్జరు, డ్యాష్‌క్యామ్ చార్జరు, ఎల్ఈడీ బార్ లోపల కరెంటు సర్దే సర్క్యూటు, ఇవన్నీ 12 వోల్టులని సెకనుకి లక్షల సార్లు కోసి తగ్గించేవే. ఆ కోతల గోల ఎఫ్ఎం దాకా పాకుతుంది. చవక చార్జరు ఒక్కటి చాలు, బలహీనమైన స్టేషన్‌ని పూర్తిగా మింగేస్తుంది.

దొంగని పట్టడానికి మీటరు అక్కర్లేదు. బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి తెచ్చుకోండి. దాన్ని ఏ స్టేషనూ లేని ఖాళీ అంకె మీద పెట్టి సన్నగా బుస్సుమంటుండగా క్యాబిన్‌లో ఒక్కో సామాను దగ్గరికి తీసుకెళ్ళండి. చార్జరు దగ్గర, డ్యాష్‌క్యామ్ దగ్గర, అద్దం పక్కన వైరు దిగే చోట బుస మారి గుయ్యిమంటే అదే. ఒక్కోటీ పీకేసి, మళ్ళీ పెట్టి చూడండి. ఇంజను రేసు చేస్తే గోల స్వరం కూడా పెరిగితే అది ఆల్టర్నేటర్ వైపు, ఎర్త్ వైపు. ఇంజను ఆపినా ఉండి, లైటు ఆపగానే పోతే అది ఎల్ఈడీ బారే. గ్యాస్ మీద నడిచే పికప్‌లున్న వాళ్ళు ఇది చదువుతుంటే మీకు స్పార్క్ ప్లగ్గులు కూడా ఉన్నాయి. మార్చేటప్పుడు రెసిస్టర్ ప్లగ్గులే వేయించండి, పెట్టె మీది నంబరులో ఆర్ అక్షరం చూసుకోండి.

డ్యాష్‌క్యామ్ గురించి ఇంకో మాట. వైరు కనపడకుండా పక్క స్తంభం ప్లాస్టిక్ లోపల దాస్తారు. చాలా బండ్లలో యాంటెన్నా కేబుల్ దిగేదీ అదే స్తంభం గుండా. రెండూ పక్కపక్కన మీటరు పొడవునా పడుకుంటే గోల కేబుల్‌లోకి ఎక్కుతుంది. కెమెరా వైరుని రెండో వైపు స్తంభంలోకి మార్పించండి. చార్జరు దగ్గర వైరు మీద ఫెరైట్ పూస ఒకటి బిగించండి. ల్యాప్‌టాప్ చార్జరు వైరు చివర లావుగా ఉండే గుండు చూశారా, అదే. నొక్కితే బిగిసే రకం దొరుకుతుంది, వైరుని దాంట్లోంచి రెండు చుట్లు తిప్పితే ఇంకా మంచిది. చార్జరు మటుకు మంచిది కొనండి, పూసలు వేసినా పనికిరాని చార్జర్లు ఉంటాయి.

ఎర్త్ గురించి ఎవరూ పట్టించుకోరు గానీ యాంటెన్నాకి కడ్డీ ఎంతో, కింద ఇనుము అంతే. అడుగున పెయింట్ మీదే బిగిస్తే ఎర్త్ అందదు. మల్టీమీటర్‌తో కేబుల్ బయటి రింగుకీ బండి బాడీకీ మధ్య చూడండి, సున్నాకి దగ్గరగా ఉండాలి. మామూలు కడ్డీ యాంటెన్నా అయితే మధ్య పిన్నుకీ బయటి రింగుకీ మధ్య అసలు దారి ఉండకూడదు. ఏదైనా అంకె చూపిస్తే అడుగున నీళ్ళు దిగాయన్నమాట. యాంప్లిఫయర్ ఉన్న యాంటెన్నాకి ఈ రెండో పరీక్ష వర్తించదు, లోపలి సర్క్యూట్ వేరే అంకె చూపిస్తుంది, చూసి కంగారు పడొద్దు. నర్సరీల్లో రోజూ పైపుతో మొక్కలకి కొట్టే నీళ్ళు బండి టాప్ మీద కూడా పడతాయి కాబట్టి మీకు అడుగు రబ్బరు వాషరు ముఖ్యం.

మీ బండికి వెనక క్యాబిన్ కంటే ఎత్తుగా ఇనుప చట్రం కట్టించారా? పొడుగు మొక్కల కోసం కడియం బండ్లకి అది మామూలే. షార్క్ ఫిన్ టాప్ వెనక అంచున, ఆ చట్రానికి జానెడు దూరంలో ఉంటే వెనక నుంచి వచ్చే సిగ్నల్‌ని చట్రం అడ్డుకుంటుంది. విజయవాడ వైపు వస్తున్నప్పుడు బాగుండి, దాటి నందిగామ వైపు వెళ్తున్నప్పుడు అదే దూరంలో పోతుంటే కారణం అదే. ఖాళీ మైదానంలో బండిని ఒక చుట్టు మెల్లగా తిప్పి చూస్తే తేలిపోతుంది.

మీకు నా సలహా ఇది. రీజియన్ మార్చాక, వైరు ముక్క పరీక్ష చేశాక, నేరం యాంటెన్నాదే అని తేలితే షార్క్ ఫిన్ మీద ఇంకో రూపాయి పెట్టకుండా పాతరకం పొడుగు కడ్డీ వేయించండి. ముందు స్తంభం దగ్గర గానీ, బానెట్ పక్కన గానీ, చట్రానికి దూరంగా. కింద పెయింట్ గీకి, గ్రీజు రాసి, బిగించాలి. ముప్పావు మీటరు కడ్డీకి యాంప్లిఫయర్ అక్కర్లేదు, నీలం తీగ గొడవే లేదు. చూడ్డానికి పాతగా ఉంటుందని కుర్రాళ్ళు ఒప్పుకోరు. నా సొంత బండికి అదే ఉంది.

అన్నీ సరిచేసినా ఎంత దూరం ఆశించవచ్చో కూడా చెబుతాను. ఎఫ్ఎం దాదాపు కంటిచూపులాగే వెళ్తుంది. వంద మీటర్ల టవరు ఉంటే, మీ టాప్ రెండు మీటర్ల ఎత్తులో ఉంటే, చదునైన నేల మీద లెక్కకి వచ్చేది 47 కిలోమీటర్లు. దాని తర్వాత భూమి వంపే అడ్డం. హనుమాన్ జంక్షన్ విజయవాడకి ఆ దూరం లోపే, కాబట్టి మీరు పాత బండి గురించి రాసింది లెక్కకి సరిపోతోంది. ఎత్తు పెరిగితే దూరం పెరుగుతుంది. కొడైకెనాల్ కొండ మీది ఆకాశవాణి 100.5 తమిళనాడులో అంత దూరం వినపడేది ఆ కొండ వల్లే, రెండు వేల మీటర్ల ఎత్తు నుంచి లెక్క వేస్తే 190 కిలోమీటర్ల దాకా వస్తుంది. అటు జహీరాబాద్ వైపు లోడు వెళ్ళే ఒక తమ్ముడు మాచనూరు సంఘం రేడియో 90.4 తన బండిలో కాసేపే వస్తోందని నా దగ్గరికి వచ్చాడు. 2008లో మొదలైన ఊరివాళ్ళ రేడియో అది. కమ్యూనిటీ రేడియోకి అనుమతించే శక్తి మామూలుగా వంద వాట్లే, టవరు 30 మీటర్లే. అది కాసేపే రావడం బండి లోపం కాదు. మీ దారిలో కూడా విజయవాడ వెనకబడి హైదరాబాద్ ఇంకా అందని చోట ఆ రెండు ఊళ్ళ స్టేషన్లకి ఎంత మంచి యాంటెన్నా అయినా మౌనమే. అక్కడ గరగర వస్తే సెట్‌ని తిట్టొద్దు.

ఫోన్‌లో పాటలు పెట్టుకోవచ్చు కదా, రేడియో ఎందుకని కింద వ్యాఖ్యల్లో ఒకాయన రాశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖలో సెల్‌ఫోన్లు మూగబోయాయి. మన దారిలో విజయవాడ దాకా తుపానులు తాకే ప్రాంతమే. రాత్రిపూట ఒంటరిగా లోడుతో వెళ్ళే మనిషికి, సెల్ టవరుకీ డేటాకీ సంబంధం లేకుండా మాట వినిపించే పెట్టె ఒకటి ముందు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 2024 మోడళ్ళ నుంచి చాలా బండ్లలో మీడియం వేవ్ తీసేస్తామని చెప్పి, ఆపద హెచ్చరికల మాటేమిటని జనం నిలదీశాక 2023 మేలోనే వెనక్కి తగ్గింది. వాళ్ళ రైతులూ పికప్‌లలో రేడియో వింటూనే తిరుగుతారు మరి.

ముందు రీజియన్ చూసి, 102.2 మీద ఆగుతోందో లేదో ఇక్కడ రాయండి. తర్వాత సెట్ ఆన్‌లో ఉండగా నీలం తీగకీ బాడీకీ మధ్య మీటరు ఎన్ని వోల్టులు చూపిందో, షార్క్ ఫిన్ నుంచి ఎన్ని తీగలు వస్తున్నాయో, చట్రం ఎంత ఎత్తో ఫోటో తీసి పెట్టండి. కడ్డీ వేయించడానికే నిర్ణయించుకుంటే విప్పుకోడానికి వీలయ్యే, మరతో బిగించే రకం అడగండి. నర్సరీ షేడ్‌నెట్ కిందకి బండి పెట్టేటప్పుడు విప్పి సీటు కింద పెట్టి, బయటికి వచ్చాక చేత్తో గట్టిగా బిగించండి. మర వదులైతే మళ్ళీ గరగర మొదలవుతుంది.